కొత్త టవరా, రీసేలా, ఇంకొన్నాళ్లు అద్దెకేనా: హైదరాబాద్ పడమటి వైపు ఏది మేలు?

గత ఏడాది తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొన్నప్పటి నుంచి తెలిసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, కోకాపేట నుంచి కొల్లూరు దాకా ఎటు చూసినా క్రేన్లే, ఇన్ని ఫ్లాట్లు ఎవరు కొంటారు, రేట్లు పడిపోవా? ఆగమంటావా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

మదనపల్లె మార్కెట్‌కు టమాటా ఎక్కువొస్తే రైతు ఆగలేడు, వచ్చిన రేటుకు అమ్ముకోవాల్సిందే. ఫ్లాటు కుళ్లిపోయేది కాదు కాబట్టి బిల్డర్ ఆగగలడు. పైగా అదే టవర్‌లో నిరుడు కొన్న రెండొందల మంది ఉంటారు, ఇవాళ బోర్డు మీద రేటు తగ్గిస్తే రేపు పొద్దున్నే అందరూ సైట్ ఆఫీసు ముందుంటారు. భూమి సంగతి ఇంకోటి. కోకాపేటలో నియోపోలిస్ అనే సర్కారు లేఅవుట్ వేలంలో ఎకరం 2021లో గరిష్ఠంగా 60.2 కోట్లు పలికితే, 2023 ఆగస్టులో 100.75 కోట్లకు పోయింది. 2006లో వచ్చిన జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం సైజుకు ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి పోయింది కదా, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీలు సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. ఆ ధైర్యంతోనే అంత పెట్టి కొంటారు, కొన్నాక ఆ డబ్బు ఫ్లాట్ల మీదే రాబట్టుకోవాలి. అందుకే సరుకు ఎంత పెరిగినా చదరపు అడుగు రేటు కాగితం మీద కదలదు. కదిలేది పక్కన ఉన్నవి: పార్కింగ్, క్లబ్‌హౌస్ చార్జీలు, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకు అదనంగా తీసుకునేది), ఒక్కోసారి జీఎస్టీ కూడా వాళ్లే పెట్టుకుంటారు. కొత్తది కొనేవాళ్లు రేటు గురించి గంట సేపు వాదించకుండా వీటి మీద పడండి.

మరి ఇన్ని ఫ్లాట్లు వచ్చినందుకు కొనేవాడికి లాభమెక్కడ? నా లెక్కలో అసలు విషయం ఇదే, ఆ లాభం రీసేల్‌లో, అంటే ముందు కొన్నవాళ్లు తిరిగి అమ్మేవాటిలో ఉంది. లాంచ్ అప్పుడు పెట్టుబడికని రెండేసి ఫ్లాట్లు బుక్ చేసినవాళ్లు బోలెడుమంది. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని అధికారులిచ్చే సర్టిఫికెట్) వచ్చిందంటే ఆఖరి వాయిదా, రిజిస్ట్రేషన్, కార్పస్ ఫండ్ (కమ్యూనిటీ నిర్వహణకు ఒకేసారి కట్టే డబ్బు), ఫుల్ ఈఎంఐ, నెలనెలా మెయింటెనెన్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. అద్దెకిద్దామంటే పక్క టవర్‌లోనూ టులెట్ బోర్డులే. అప్పుడు ఒకే కమ్యూనిటీలో ఇరవై, ముప్పై ఫ్లాట్లు అమ్మకానికొస్తాయి. బిల్డర్ ఆగగలడు గానీ, నెలకు లక్ష కట్టే ఉద్యోగి ఎన్నాళ్లు ఆగుతాడు?

మాకు జరిగింది అదే. మా టవర్‌లో బిల్డర్ దగ్గర మిగిలిన ఫ్లాట్లకు అడుగుకు 8,400 చెప్పారు. రెండంతస్తుల కింద అదే సైజు, అదే ఫేసింగ్, డాలస్‌లో ఉండే ఓనరు 7,700కు దిగాడు. మాది 1,620 అడుగులు, అంటే తేడా 11 లక్షల పైమాటే. ఓసీ వచ్చింది కాబట్టి జీఎస్టీ లేదు (ఆయన కట్టిన జీఎస్టీని రేటులో కలపాలని చూశాడనుకోండి, కుదర్లేదు). బేరానికి ముందు రెండు మూడు సార్లు రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టాం. మూడో వంతు కూడా లేవు, దాంతో గట్టిగా అడిగే ధైర్యం వచ్చింది.

రీసేల్‌లో తలనొప్పి లేదని కాదు. లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), బ్యాంకు లోన్ క్లోజర్, అసోసియేషన్ బాకీలు అన్నీ మనమే చూసుకోవాలి. అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే టీడీఎస్ (అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి మనం కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) దగ్గర జాగ్రత్త. ఇక్కడుండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన కొంటే ఒక శాతం కోస్తే చాలు, ఎన్‌ఆర్‌ఐకి అలా కుదరదు. రెండేళ్లు దాటిన ఆస్తి అయితే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్. ఆయన ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల దగ్గర తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద కోయాల్సి వస్తుంది. ఒక శాతంతో సరిపెడితే నోటీసు కొన్నవాడికే వస్తుంది.

ఇంకా కడుతున్న టవర్‌లో తీసుకుంటే మంచి కూడా ఉంది, నచ్చిన అంతస్తు, తూర్పు ఫేసింగ్ దొరుకుతుంది, డబ్బు వాయిదాల్లో కట్టొచ్చు. కానీ 5 శాతం జీఎస్టీ, కోటీ ఇరవై లక్షల ఫ్లాటుకు ఆరు లక్షలు. రిజిస్ట్రేషన్‌కు మరో 7.5 శాతం ఎలాగూ ఉంది. మూడు నాలుగేళ్లు అటు అద్దె, ఇటు వడ్డీ. మీరు తాళాలు తీసుకునే నాటికి పక్కన ఇంకో నాలుగు టవర్లు లేచి ఉంటాయి, అమ్మాల్సొస్తే వాటితో పోటీ.

అద్దెకే ఉంటే? లెక్క ప్రకారం అదే చవక. 80 లక్షల లోన్‌కు 8.5 శాతం మీద ఇరవై ఏళ్లకు ఈఎంఐ 69 వేల పైన, మేం కట్టిన అద్దె 32 వేలు. ఏడాదో రెండేళ్లో ఆగగలిగితే నష్టం లేదు, కానీ బోర్డు రేటు తగ్గాలని ఆగకండి, మీకు నచ్చిన కమ్యూనిటీకి ఓసీ వచ్చేదాకా ఆగండి. ఇంకో మాట, వచ్చే సరుకంతా దాదాపు 2,000 అడుగుల పైన త్రీ బెడ్‌రూమ్‌లే. 1,100 అడుగుల టూ బెడ్‌రూమ్ వెతుకుతున్న మా తమ్ముడికి ఈ క్రేన్లతో ఒరిగిందేమీ లేదు, వాడు మియాపూర్‌లో పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లే చూస్తున్నాడు. యూడీఎస్ (ఫ్లాటుతో పాటు మన పేరున వచ్చే భూమి వాటా) కూడా వాటిలోనే ఎక్కువ.

ప్రీలాంచ్ గురించి అడగొద్దు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. విల్లాలు మన బడ్జెట్ కాదు. ఓపెన్ ప్లాట్ అంటారా, శంకర్‌పల్లి దగ్గర నాదొకటి రెండేళ్ల నుంచి అమ్మకానికుంది, కొనేవాళ్లుంటే చెప్పండి, రేటు చూసి చేద్దాం.