లూస్ పీటీ-2 టెన్షన్ గేజ్: అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వీణ తీగ మీటి శ్రుతి చూసుకున్నట్టు, పడవ డెక్ మీద నిలబడి ష్రౌడ్ తీగను ఒకసారి ఊపి ‘బిగువు సరిపోయింది’ అనేసేవాళ్లు చాలామందే. అలాంటి చేయి తిరిగినవాళ్లను ఇద్దర్ని ఒకే పడవ ఎక్కిస్తే రెండు జవాబులొస్తాయి. ఆ తగువు తీర్చడానికి అమెరికాలోని లూస్ కంపెనీ అమ్మే పరికరం పీటీ-2. మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పక్కల నుంచి పట్టి నిలబెట్టే స్టీలు తీగలే ష్రౌడ్లు. వాటిలో బిగువెంతుందో ఈ గేజ్ పౌండ్లలో చెబుతుంది. పాత ముప్పై అడుగుల పడవ కొని, దాని రిగ్గింగ్ (మాస్ట్‌ను నిలిపే తీగల అమరిక) స్వయంగా చూసుకుందామనుకునేవాళ్లకు పనికొచ్చే వస్తువే. ఎందుకు పనికొస్తుందో తెలిసి కొంటేనే.

పీటీ-2 సరిపోయేది 3/16, 7/32, 1/4 అంగుళాల తీగలకు. సన్నవాటికి పీటీ-1, ఇంకా లావువాటికి పీటీ-3 ఉన్నాయి. మి.మీ. కొలతల తీగలకు పట్టిక వేరు. 6 మి.మీ. తీగ చూసి ‘పావు అంగుళమేగా’ అనుకుని ఆ వరుసలో చదవడం చాలామంది చేసే మొదటి తప్పు. పావు అంగుళమంటే 6.35 మి.మీ. గేజ్ పనిచేసేదే తీగను మూడు చోట్ల పట్టి కాస్త వంచి, ఆ వంపును బట్టి. తీగ లావు మారితే వంపూ మారుతుంది, చదివిన అంకె పనికిరాదు. కొనే ముందు వెర్నియర్‌తో తీగ కొలవండి. 19 పోగుల స్టీలు తీగకే ఈ పట్టికలు వర్తిస్తాయి. తీగ బదులు కడ్డీలు వాడే రాడ్ రిగ్గింగ్ మీద, డైనీమా అనే కృత్రిమ నార తాళ్ల మీద, ప్లాస్టిక్ తొడుగు వేసిన తీగల మీద వాడితే వచ్చేది అంకె కాదు, అంచనా.

వాడకం సులువే. ఒక వైపున్న రెండు ఆనింపుల మీద తీగను కూర్చోబెట్టి, గేజ్‌కున్న తాడు లాగి కొక్కేన్ని తీగకు తగిలించి వదిలేయాలి. స్ప్రింగ్ తీగను లాగి పడుతుంది, సూచిక దగ్గర అంకె చూసి పక్కనున్న పట్టికలో పౌండ్లు చదువుకోవాలి. తాడును ఒక్కసారిగా వదిలితే స్ప్రింగ్ టపీమని వెనక్కి వస్తుంది, వేళ్లు జాగ్రత్త. ఇదే కంపెనీవి చవక మోడళ్లున్నాయి కదా అంటే, వాటిని చదివేంతసేపూ చేత్తో లాగి పట్టుకునే ఉండాలి. పీటీ తీగకు వేలాడుతూనే ఉంటుంది కాబట్టి రెండు చేతులూ టర్న్‌బకిల్ (తీగను బిగించే మర) మీద పెట్టి, తిప్పుతూ అంకె పెరగడం చూడొచ్చు. ఎక్కువ పెట్టే డబ్బు ఆ ఒక్క సౌకర్యానికే. ఒంటరిగా పని చేసేవారికి దండగ కాదు.

ఇక అసలు చిక్కు. గేజ్ చెప్పేది పౌండ్లు, మనకు కావలసింది తెగే బలంలో శాతం. పావు అంగుళం తీగ 304 రకం స్టీలైతే తెగే బలం 8,200 పౌండ్లు, 316 అయితే 6,900. పదిహేను శాతం బిగువంటే మొదటిదానికి 1,230, రెండోదానికి 1,035. పాత యజమాని ఏ రకం తీగ వేశాడో తెలియకపోతే దాదాపు రెండొందల పౌండ్ల తేడాతో తడుముకోవాల్సిందే. తెలియనప్పుడు తక్కువ బలమున్న 316 లెక్కే పట్టుకోవడం క్షేమం. ఎంత శాతం అన్నదాంట్లోనూ ఏకాభిప్రాయం లేదు. మాస్ట్ కొసకు ఫోర్‌స్టే (ముందు వైపు పట్టి ఉంచే తీగ) కట్టిన రిగ్‌లో పక్క ష్రౌడ్లకు లూస్ సూచన 10–12 శాతం. మాస్ట్‌లు చేసే సెల్డెన్ చెప్పేది 15 దగ్గర. స్ప్రెడర్లు (ష్రౌడ్లను మాస్ట్‌కు దూరంగా నెట్టి పట్టే అడ్డ కమ్మీలు) వెనక్కి వాలిన రిగ్‌కు ఇంకా ఎక్కువ కావాలి. పడవ తయారీదారు చెప్పిన అంకె దొరికితే ఈ రెండింటినీ పక్కన పెట్టి అదే పాటించండి.

బిగించే పద్ధతి ఇదీ. పడవ నీళ్ల మీద ఉండాలి, ట్రాలీ మీద కాదు. ఒడ్డున ఆనించిన పడవ ఒళ్లు నీళ్లలో కూర్చున్నట్టు కూర్చోదు. మాస్ట్ కీల్ (పడవ అడుగు దూలం) దాకా దిగినదైతే, డెక్ దగ్గర దాని చుట్టూ దిగ్గొట్టిన చీలలు ముందే తీసేయాలి. టర్న్‌బకిల్ మరల్లో పాత మురికి కడిగి లానోలిన్ గ్రీజు రాయాలి. స్టీలు మీద స్టీలు పొడిగా రాసుకుంటే మరలు పట్టేసుకుంటాయి, తర్వాత రంపమే గతి. మెయిన్ హాలియార్డ్ (పెద్ద తెరచాపను పైకెత్తే తాడు) కొసను రెండు పక్కల చెయిన్‌ప్లేట్లకూ (ష్రౌడ్లను పడవకు బిగించే పలకలకూ) తాకించి, దూరం సమానంగా వచ్చేలా మాస్ట్‌ను నడిమికి తేవాలి. ఆ తర్వాత మాస్ట్ కొస దాకా వెళ్లే పై ష్రౌడ్లను ఈ పక్క రెండు తిప్పులు, ఆ పక్క రెండు తిప్పులు, లెక్కపెట్టుకుంటూ బిగించాలి. పావు అంగుళం తీగకు సాధారణంగా ఉండే అర అంగుళం మరలో అంగుళానికి 20 చుట్లుంటాయి. రెండు వైపులా మరలు కదులుతాయి కాబట్టి ఒక పూర్తి తిప్పుకు రెండున్నర మి.మీ. తగ్గుతుంది. పది మీటర్ల ష్రౌడ్‌లో మాస్ట్, పడవ ఏమాత్రం లొంగకపోతే అది తెగే బలంలో రెండున్నర శాతం బిగువు. అందుకే చివర్లో సగం తిప్పులు, పావు తిప్పులు. మాస్ట్ మధ్య దాకా వెళ్లే కింది ష్రౌడ్లు ఆ తర్వాత, పైవాటికంటే తక్కువ బిగువుతో.

రెండు పై ష్రౌడ్ల దగ్గరా గేజ్ ఒకే అంకె చూపింది, మాస్ట్ నిటారుగా ఉందని సంబరపడుతున్నారా? ఆగండి. ఆ రెండూ మాస్ట్ కొసను చెరోవైపు లాగుతున్నాయి. ఒకటి బిగిస్తే కొస అటు జరుగుతుంది, రెండోదీ బిగుస్తుంది. కోణాలు ఒకేలా ఉంటే మాస్ట్ ఒక పక్కకు వాలి ఉన్నా అంకెలు దాదాపు సమానంగానే వస్తాయి. తరాజు ముల్లు మధ్యలో నిలిస్తే రెండు పళ్లేల బరువూ ఒకటేనని తెలుస్తుంది గానీ, తరాజును ఎక్కడ వేలాడదీశారో తెలియదు కదా. మాస్ట్ వాలిందా అన్నది హాలియార్డ్ కొలత చెబుతుంది. మధ్యలో వంకర తిరిగిందా అన్నది తెరచాప గాడి వెంట కింది నుంచి కన్ను పెట్టి చూస్తే తెలుస్తుంది. గేజ్ పెట్టెలో వచ్చే కాగితం ఈ సంగతి గట్టిగా చెప్పి ఉండాల్సింది.

చివరి పరీక్ష గాలిలోనే. పదిహేను, ఇరవై డిగ్రీలు వాలి వెళ్తున్నప్పుడు గాలి మరుగు వైపు, అంటే పడవ వాలిన వైపు, ష్రౌడ్ వదులై ఊగకూడదు. ఊగితే తిరిగొచ్చి రెండు పక్కలా సమానంగా బిగించాలి. అన్నీ కుదిరాక టర్న్‌బకిళ్లకు స్ప్లిట్ పిన్నులు వేసి, కాళ్లు కొద్దిగా మాత్రమే విప్పండి. పూర్తిగా వెనక్కి మడిస్తే వచ్చే ఏడాది తీయడం నరకం.

ఈ గేజ్‌కు పోటీ మరో కంపెనీది కాదు, రెండు మీటర్ల మడత స్కేలు. సెల్డెన్ సూచించే పద్ధతి అది. ష్రౌడ్‌ను చేతి బిగువుకు తెచ్చి, స్కేలు పై కొసను తీగకు టేపుతో అతికించాలి. కింది కొసకూ తీగ చివరి బిగింపుకూ మధ్య ఖాళీని వెర్నియర్‌తో కొలవాలి. బిగించాక ఆ ఖాళీ ఒక మి.మీ. పెరిగితే తెగే బలంలో 5 శాతం, మూడు మి.మీ. పెరిగితే 15. తీగ లావుతో పని లేదు, ఖర్చు దాదాపు సున్నా, నేరుగా శాతమే వస్తుంది. కచ్చితత్వం మాటకొస్తే మా ఓటు స్కేలుకే. కానీ అది వదులు తీగ దగ్గర మొదలుపెట్టిన రోజునే పనిచేస్తుంది. ఇప్పటికే బిగిసి ఉన్న తీగలో ఎంతుందో చెప్పలేదు. ఆ పని గేజ్ అర నిమిషంలో చేస్తుంది. మొదటిసారి రెండూ కలిపి వాడి, స్కేలు పదిహేను శాతం చూపినప్పుడు గేజ్ అంకె ఎంతో రాసిపెట్టుకుంటే, ఆపై మీ పడవకు ఆ అంకే ప్రమాణం.

అంకె నమ్మదగ్గదిగా ఉండాలంటే ప్రతిసారీ తీగ మీద అదే చోట కొలవాలి. డెక్ నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. చివరి బిగింపుల దగ్గర తీగ బిరుసుగా ఉంటుంది, అక్కడి అంకె తప్పుదారి పట్టిస్తుంది. మూడుసార్లు చూసి సగటు తీయండి. వేళ కూడా ముఖ్యమే. అల్యూమినియం మాస్ట్ ఎండకు స్టీలుకంటే ఎక్కువ సాగుతుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కితే, పడవ ఏమాత్రం లొంగకపోతే, ఒకటిన్నర శాతం దాకా బిగువు పెరుగుతుంది. ఒకసారి పొద్దున్నే, ఇంకోసారి మిట్టమధ్యాహ్నం కొలిచి తేడా వచ్చిందని కంగారుపడొద్దు.

ఇలా రాసుకున్న పుస్తకమే గేజ్ ఖరీదుకు న్యాయం చేస్తుంది. కొత్త తీగ మొదట్లో కొంచెం సాగడం మామూలే. రెండోసారి బిగించాక కూడా అంకె నెలనెలా పడిపోతుంటే ఎక్కడో ఏదో లొంగుతోందన్నమాట. మాస్ట్ కింద డెక్ నలుగుతుండొచ్చు, చెయిన్‌ప్లేట్ కదులుతుండొచ్చు, తీగ చివర నొక్కి బిగించిన స్వేజ్‌లోంచి తీగ జారుతుండొచ్చు. అప్పుడు మళ్లీ బిగించి ఊరుకోవడం జ్వరానికి థర్మామీటర్ కడిగినట్టే. తీగలో తుప్పు, తెగిన పోగు, స్వేజ్ మీద వెంట్రుకంత పగులు వంటివాటిని గేజ్ కనిపెట్టలేదు. దూది ఒత్తి తీగ వెంట జరపండి, తెగిన పోగుంటే పట్టుకుంటుంది. స్వేజ్‌లను భూతద్దంతో చూడండి. పోగు తెగిన తీగ మీద 15 శాతం లెక్కలు వేయడంలో అర్థం లేదు, మార్చేయాల్సిందే.

హుస్సేన్ సాగర్‌లో లేజర్, ఆప్టిమిస్ట్ వంటి చిన్న పడవలు నడిపేవాళ్లకు ఇది అవసరం లేదు, వాటి మాస్ట్‌లకు అసలు తీగలే ఉండవు. 420, 470 తరగతుల రేసు పడవల వాళ్లకు కావలసింది పీటీ-1. తెరచాప తయారీదారుల ట్యూనింగ్ కాగితాల్లో ‘లూస్ ఇంత’ అని ఉండే అంకె ఏ మోడల్‌దో చూసుకోండి. చవక మోడల్ అంకెను పీటీ మీద పెడితే రిగ్ మొత్తం తప్పుతుంది.

ఉప్పునీటి నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్ప్రింగ్ దగ్గర ఉప్పు పేరుకుంటే సూచిక కదలిక మందగిస్తుంది. లాగే తాడు ఎండకు పెళుసెక్కితే తెగేదాకా ఆగకుండా మార్చేయండి.