పడవ బాగుంది, లంగరు తాడే చాల్లేదు

గోథెన్‌బర్గ్‌లో ఉండే మేం నలుగురం జూలైలో స్వీడన్ పడమటి తీరం బోహుస్లాన్‌లో తిరగడానికి 34 అడుగుల తెరచాప పడవ వారం రోజులకి అద్దెకి తీసుకున్నాం. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తున్నాను.

మార్‌స్ట్రాండ్ నుంచి ఉత్తరానికి చాలా దూరం దీవుల లోపలి వైపు నుంచే పోవచ్చు. బయట సముద్రం ఎగిసిపడుతున్నా లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. ఒరుస్ట్ దీవి పక్కన 'మాలో స్ట్రెమ్మార్' అనే ఇరుకు జలమార్గం దగ్గరైతే బండరాళ్లు రెండు పక్కలా ఎంత దగ్గరికొస్తాయంటే, ఒడ్డున కూర్చున్న పెద్దావిడ కప్పులోంచి కాఫీ వాసన మాకు తగిలింది. స్మోగెన్ దాటాక సోటే కాలువ. ఇరుకైన చోట వెడల్పు 15 మీటర్లే. బయట ఆశ్రయం లేని సముద్రంలోకి పోకుండా పడవలు ఇటునుంచి వెళ్లడానికి తవ్వి 1935లో తెరిచారు, అప్పట్లో పని లేనివాళ్లకి పని కల్పించడానికి కూడా. చాప దించి ఇంజిన్ మీద మెల్లగా పోయాం.

పడవలో చుక్కాని తేలిక, స్టవ్ బాగా పనిచేసింది, రోజూ అన్నం వండుకున్నాం. పడవ అప్పగించిన అబ్బాయి రెండు గంటలు ఓపిగ్గా అన్నీ చూపించాడు.

ఇక ఆ ఒక్క మార్కు. ఇక్కడ ఆటుపోట్లు నామమాత్రమే కాబట్టి రాత్రికి పడవ ముక్కుని నేరుగా బండకి ఆనించి కట్టేస్తారు. దూరంగా ఉండగానే వెనక లంగరు వేసి, తాడు వదులుతూ మెల్లగా ముందుకెళ్లాలి, ఒకరు తాడు పట్టుకుని బండ మీదికి దిగి పగుల్లో ఇనుప మేకు కొట్టాలి. మూడో రోజు సాయంత్రం సరిగ్గా అలాగే చేస్తుంటే, బండ ఇంకా నాలుగు మీటర్లుందనగా వెనక తాడు అయిపోయింది! పక్క గాలి, పడవ అడ్డం తిరుగుతోంది, అందరికీ టెన్షన్. లంగరు లాగి మళ్లీ దగ్గర్లో వేస్తే అది నాచు మీద జారింది. మూడోసారికి పట్టుకుంది, అప్పటికి మా తమ్ముడి అరచేతులు కమిలిపోయాయి.

ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు "ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు" అన్నారు. మర్నాడు మేమే తాడు కొన్నాం, తిరిగొచ్చాక బిల్లు చూపిస్తే మారు మాట్లాడకుండా డబ్బు ఇచ్చేశారు, అది మెచ్చుకోవాలి.

మీరు ఎవరి దగ్గర తీసుకున్నా సరే, సంతకం పెట్టేముందు వెనక లంగరు తాడు మొత్తం రేవు మీద పరిచి కొలవండి. మేం వచ్చే ఏడాదికి అదే పడవ అడిగాం, 50 మీటర్ల తాడు ఉండాలని కాగితం మీద రాయించుకున్నాం.