"అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అనే మూత స్విచ్ కొనకండి

మూత వేసినా వాషింగ్ మిషన్ స్పిన్ తిరగట్లేదని మూత స్విచ్ (మూత తెరిస్తే స్పిన్ ఆపేసేది) వెతుకుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో "యూనివర్సల్, అన్ని టాప్ లోడ్‌లకూ" అని రాసి అమ్ముతున్న పీసు జోలికి పోకండి. ఫొటోలో మూడు పిన్నులు, కవర్లోంచి బయటపడింది రెండు పిన్నులది. సాకెట్ కలవదు కాబట్టి వైర్లు కోసి అతకాలి. ఒకసారి కోశాక వెనక్కి పంపబోతే "వాడేసిన సరుకు" అని తిరగ్గొడతారు. డబ్బు పోయిందనుకుని ఊరుకుందామన్నా, అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది.

మూత స్విచ్ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ లోపల రకరకాల వస్తువులు. సెమీ ఆటోమేటిక్‌లో డ్రైయర్ మోటారు కరెంటంతా ఆ స్విచ్‌లోంచే వెళ్తుంది, అందుకే దాని కాంటాక్టులు (లోపల కలిసి విడిపోయే లోహపు ముక్కలు) దళసరిగా ఉంటాయి. ఫుల్లీ ఆటోమేటిక్‌లో చాలావాటికి అక్కడుండేది మిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకి వెళ్లే కొద్ది వోల్టుల సిగ్నల్ మాత్రమే. కొన్నిటికి మూతలో అయస్కాంతం, దాని కింద గాజు గొట్టంలో రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే సన్న రేకుల స్విచ్. అలాంటి రీడ్ స్విచ్ తెచ్చి సెమీ మోటారు లైన్లో పెడితే కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇక మూత తెరిచినా డ్రైయర్ ఆగదు. మూడు వైర్లతో హాల్ సెన్సార్ (అయస్కాంతాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్క) వచ్చే మోడళ్లూ ఉన్నాయి. దాన్ని మల్టీమీటరు (వైర్లు కలిశాయో లేదో చూసే చేతి మీటరు) బీప్‌తో పరీక్షించలేరు.

ఎక్కువమంది మోసపోయేది తోక దగ్గర. పాత తరహా ఫుల్లీ ఆటోమేటిక్‌లలో చాలావాటికి స్విచ్ కింద పొడుగాటి ప్లాస్టిక్ తోక ఒకటి టబ్బు వైపు వేలాడుతుంటుంది. అది అలంకారం కాదు. తడి దుప్పటి ఒక పక్కకి చేరి టబ్బు ఊగినప్పుడు అంచు వెళ్లి ఆ తోకకి తగులుతుంది, స్విచ్ తెరుచుకుంటుంది, బోర్డు స్పిన్ ఆపి నీళ్లు పట్టి బట్టలు సర్దుతుంది. యూనివర్సల్ పీసుకి తోకే ఉండదు, ఉన్నా పొట్టిగా ఉంటుంది. దాంతో టబ్బు బాడీకి గుద్దుకుంటూనే తిరుగుతుంది. మిషన్ నడుస్తోందిగా అని సంబరపడేలోపు టబ్బుని వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు, బేరింగ్ దెబ్బతింటాయి. తోక పొడుగు, అది ఎడమకా కుడికా అన్నది పాత స్విచ్ పక్కన పెట్టి చూస్తే తప్ప తెలీదండి.

అసలు స్విచ్చే పోయిందా అన్నది ముందు తేల్చుకోండి. సెమీలో మూత వేయగానే మోటారు గుయ్యిమంటూ తిరగలేకపోతుంటే స్విచ్ బాగానే ఉన్నట్టు. మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ గానీ, వదలని బ్రేకు గానీ చూడాలి. చప్పుడే లేకపోతే అప్పుడు స్విచ్, టైమర్ మీద అనుమానం. ఎల్‌జీలో డిస్‌ప్లే మీద డీఈ (dE) అనే ఎర్రర్ కోడ్ పడితే మూత మూసినట్టు బోర్డుకి తెలియట్లేదని అర్థం, స్విచ్ మార్చమని కాదు. మూత కీలు అరిగి కిందికి జారినా, అయస్కాంతం ఊడినా, ఎలక వైరు కొరికినా అదే కోడ్ వస్తుంది.

మన దగ్గర ఇంకో తంటా ఉంది. కోనసీమలో, నరసాపురం, అంతర్వేది వైపు మిషన్ ఉండేది పెరటి వరండాలో, బోరు పక్కన. ఉప్పు గాలికి, చెమ్మకి కనెక్టరు పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. ప్లగ్గు పీకేసి, స్విచ్ వైర్ల సాకెట్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక మళ్లీ బిగించి చూడండి. చాలాసార్లు కొనే పనే ఉండదు.

అప్పటికీ పని చేయకపోతే మళ్లీ ప్లగ్గు పీకి, మీటరు బీప్ మీద పెట్టి, మూత వేసి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. మామూలు రెండు వైర్ల స్విచ్ అయితే చాలావాటిలో వేస్తే మోగాలి, తీస్తే ఆగాలి. నొక్కినప్పుడల్లా రీడింగు మారుతుంటే కాంటాక్టు కాలినట్టే. కొన్ని మోడళ్లలో ఇది తిరగబడి ఉంటుంది కనుక పాతది ఎలా ఉందో రాసుకోండి. మూడు కాళ్ల మైక్రో స్విచ్‌లో ఎన్ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది) కాళ్లు తారుమారు చేస్తే మూత తెరిచి ఉండగా స్పిన్ అందుకుంటుంది.

కొనేటప్పుడు మిషన్ వెనక స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు మొత్తం, చుక్క తర్వాత అక్షరాలతో సహా చెప్పండి. స్విచ్ ఒంటి మీద అచ్చేసిన నంబరు అంతకన్నా నమ్మకం. సామ్‌సంగ్‌కి అది సాధారణంగా డీసీ అని మొదలవుతుంది. పాత స్విచ్ సంచిలో వేసుకుని రాజమండ్రి దాకా వెళ్లడం బస్సు చార్జీ దండగ అనిపిస్తుంది గానీ, రెండోసారి కొనడం కన్నా నయం.

"స్విచ్ ఎందుకండీ, డైరెక్ట్ చేసేస్తా" అని స్విచ్ తీసేసి వైర్లు కలిపేస్తాననే మెకానిక్ మాట వినకండి. సెమీ డ్రైయర్ నిమిషానికి 1,300 చుట్ల దాకా తిరుగుతుంది, అందులో పిల్లల చెయ్యి పడితే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తే కవరు విప్పుతూ వీడియో తీయండి, పిన్నులు లెక్కపెట్టండి, తోక కొలవండి. తేడా ఉంటే బిగించొద్దు. ప్రకటనలో చూపించినట్టు లేని వస్తువుని తిరిగి తీసుకోనని అమ్మేవాడు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మొరాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆర్డర్ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్ చేతిలో ఉంచుకోండి, ఆ పేజీ తర్వాత కనపడకపోవచ్చు.