వీఏలో సీపీటీ చికిత్స: తీసుకున్న మనిషిగా నా అభిప్రాయం

అమెరికా సైన్యంలో పనిచేసిన రోజుల్లో లైంగిక దాడికో, వేధింపులకో గురైనవారికి అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉచితంగా మానసిక చికిత్స అందిస్తుంది. ఆ శాఖను అందరూ వీఏ అంటారు. అక్కడ సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) అనే పద్ధతిలో చికిత్స మొదలుపెట్టి చివరిదాకా పూర్తి చేశాను. చికిత్సకు ఐదుకు ఐదు ఇస్తాను. అది అందించిన ఆసుపత్రి తీరుకు మూడు ఇవ్వడం కూడా కష్టమే. రెండింటినీ కలిపి ఒకే మార్కు వేస్తే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టవుతుంది కాబట్టి విడివిడిగా చెబుతున్నాను. ఆసుపత్రి పేరు రాయను. టెక్సాస్‌లో ఉందని మాత్రం చెప్పగలను.

గ్రీన్‌కార్డుతో చేరినవారూ, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలూ, మనవాళ్లు ఇప్పుడు ఆర్మీలో, నేవీలో, నేషనల్ గార్డులో ఉన్నారు. యూనిఫారంలో దిగిన ఫొటోలు బంధువులందరికీ చేరతాయి. లోపల జరిగినవి మాత్రం ఎవరికీ చేరవు. అలాంటివారిలో ఒక్కరైనా ఇది చదువుతారని తెలుగులో రాస్తున్నాను.

మాది ఒంగోలు. పెళ్లయ్యాక డాలస్ వైపు వచ్చి, కొన్నేళ్లకు ఆర్మీలో చేరాను. సామాన్ల సరఫరా విభాగంలో పని: ఏ పెట్టెలో ఏముంది, ఎవరికి ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఒక రాత్రి డ్యూటీలో, గోదాములో, నా పైన ఉన్న సార్జెంట్ వల్ల జరిగింది. అంతకు మించి ఇక్కడ రాయను. ఈ చికిత్స ఎలా ఉంటుందో తెలియడానికి అంతకు మించి అవసరం లేదు.

సైన్యం నుంచి బయటికి వచ్చాక కూడా కంటికి కునుకు ఉండేది కాదు. దుకాణంలో బిల్లు కట్టే వరుసలో వెనక ఎవరైనా నిలబడితే బుట్ట అక్కడే వదిలేసి వచ్చేదాన్ని. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది అట్టపెట్టెల మీద టేపు లాగినప్పుడు వచ్చే ఆ బర్రుమనే చప్పుడు. మా ఆయన ఏదో పార్సిల్ విప్పుతుంటే నేను స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. ఆయన పార్సిళ్లు గరాజ్‌లోకి తీసుకువెళ్లి విప్పడం మొదలుపెట్టారు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

వీఏ దగ్గరికి వెళ్లింది దీని కోసం కాదు, మోకాలి నొప్పి కోసం. అక్కడ ప్రాథమిక వైద్యం తీసుకునే మాజీ సైనికులందరినీ, ఆడామగా తేడా లేకుండా, సైన్యంలో ఉండగా లైంగిక దాడో వేధింపులో జరిగాయా అని అడుగుతారు. నన్ను అడిగిన నర్సు అప్పటిదాకా కంప్యూటర్ చూస్తూ ప్రశ్నలు చదువుతున్నారు. ఈ ప్రశ్న రాగానే కీబోర్డు పక్కకు నెట్టి, కుర్చీ నా వైపు తిప్పి, మామూలు గొంతుతో అడిగారు. జాలి పడుతున్నట్టు అడిగి ఉంటే లేదనేదాన్ని. అలా అడిగినప్పుడు ఆడవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరు, మగవాళ్లలో సుమారు 50 మందిలో ఒకరు అవునంటారని వీఏ లెక్కలు చెబుతాయి. సైన్యంలో మగవాళ్ల సంఖ్య ఎక్కువ కాబట్టి, తలలు లెక్కపెడితే బాధితుల్లో మగవాళ్లు తక్కువేమీ కాదు. మన మగపిల్లలున్న ఇళ్లవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సైన్యంలో ఎదురైన ఇలాంటి లైంగిక దాడినీ వేధింపులనూ వీఏలో ఎంఎస్‌టీ (మిలిటరీ సెక్సువల్ ట్రామా) అంటారు. 1992లో వచ్చిన చట్టంతో మొదట మహిళలకు కౌన్సెలింగ్ మొదలైంది, తర్వాత మగవాళ్లకూ వర్తింపజేశారు. నియమాలు ఉదారంగా ఉన్నాయి. అప్పట్లో ఫిర్యాదు చేసి ఉండనక్కర్లేదు. కాగితాలు, సాక్ష్యాలు చూపనక్కర్లేదు. వైకల్య శాతం తేలి ఉండనక్కర్లేదు. ఎంఎస్‌టీ వల్ల వచ్చిన జబ్బుకు సంబంధించిన చికిత్సకూ మందులకూ పైసా కట్టనక్కర్లేదు. నష్టపరిహారం కోసం పెట్టుకునే దరఖాస్తు పూర్తిగా వేరే దారి, దాన్ని చూసేది వేరే విభాగం. ఆ దరఖాస్తు తిరస్కరించినా ఈ చికిత్స ఆగదు. ఈ రెంటినీ కలిపి చూసి చికిత్సకు కూడా వెళ్లనివారు నాకు తెలుసు. అది చాలా బాధపెట్టే విషయం.

ఇప్పుడు అసలు చికిత్స సంగతి. ఘోరమైన ఘటన తర్వాత మనసును వదలని పీటీఎస్‌డీ అనే జబ్బుకు వీఏలో ముందువరుసలో పెట్టినవి మూడు పద్ధతులు: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, సీపీటీ, కళ్ల కదలికలను వాడే ఈఎండీఆర్. మందులకన్నా ముందు వీటినే ఇవ్వమని 2023లో వీఏ, రక్షణ శాఖ కలిసి విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి పద్ధతిలో జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినాలి. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన చోట్లకు మెల్లగా వెళ్లడం అలవాటు చేసుకోవాలి. దానితో తేరుకున్నవారు ఎందరో ఉన్నారు. సీపీటీలో మాత్రం ఘటనను పూసగుచ్చినట్టు చెప్పాలనే నిబంధన లేదు. నేను దాన్ని ఎంచుకున్నది ఒక్క ఆ కారణం చేతనే. ఎంచుకునే హక్కు మీదేనని మరచిపోవద్దు. థెరపిస్టు మహిళే కావాలని కూడా అడగవచ్చు, నేను అడిగాను.

సీపీటీని ప్యాట్రీషియా రెసిక్ అనే మనస్తత్వవేత్త 1980ల చివర్లో రూపొందించడం మొదలుపెట్టారు. అది మొదట అత్యాచారానికి గురైన స్త్రీల కోసం తయారైంది, యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారికి ఇవ్వడం ఆ తర్వాతి మాట. ఈ సంగతి తెలిశాక నాకు ధైర్యం కలిగింది. బాంబుల మధ్య నుంచి వచ్చినవారి మందును నాకు సరిపెడుతున్నారేమోనన్న అనుమానం పోయింది. ఎంఎస్‌టీ బాధితుల మీదే సీపీటీని పరీక్షించిన అధ్యయనం కూడా 2013లో ప్రచురితమైంది. సీపీటీ తీసుకున్నవారూ, ప్రస్తుత సమస్యల గురించి మాట్లాడే మరో చికిత్స తీసుకున్నవారూ, ఇద్దరూ మెరుగయ్యారు. తమ బాధ తగ్గిందని స్వయంగా చెప్పిన లెక్కలో సీపీటీవారు ముందున్నారు, వైద్యులు కొలిచిన లెక్కలో మాత్రం అంత తేడా రాలేదు. నేను ఈ చికిత్సను మెచ్చుకునేది దాని పరిమితి తెలిసే.

పద్ధతి ప్రకారం సుమారు 12 సెషన్లు. మొదట్లోనే ఒక పేజీ రాయమంటారు. ఏం జరిగిందని కాదు, ఎందుకు జరిగిందని మీరు నమ్ముతున్నారు, ఆ తర్వాత మీ గురించీ మనుషుల గురించీ మీ నమ్మకాలు ఎలా మారాయి అన్నది రాయాలి. అందులోంచి మనిషిని ముందుకు కదలనివ్వకుండా పట్టి ఉంచే ఆలోచనలను ఏరి ఒక జాబితా తయారుచేస్తారు. ఇక ప్రతివారం ఇంటిపని: ఒక్కో ఆలోచననూ కాగితం మీద పెట్టి, దానికి ఆధారం ఏమిటి, వ్యతిరేకంగా ఉన్నది ఏమిటి, ఏది వదిలేసి చూస్తున్నాం అని ప్రశ్నలు వేసుకోవాలి. కూర్చుని మనసులోని మాటలు చెప్పుకుని వచ్చే చికిత్స కాదిది. రోజూ రాయాలి.

నా జాబితాలో మొదటి వాక్యం: "ఆ రాత్రి డ్యూటీకి ఒప్పుకోకపోయి ఉంటే ఇది జరిగేది కాదు." చూడటానికి నిజంలాగే ఉంటుంది. నా థెరపిస్టు దాన్ని కాదనలేదు, ఓదార్చలేదు. డ్యూటీల పట్టిక ఎవరు రాస్తారని అడిగారు. ఆ సార్జెంటే. వద్దంటే ఏమవుతుంది? ఆజ్ఞను ధిక్కరించినట్టవుతుంది. అంతకు ముందు అదే గోదాములో అదే మనిషితో రాత్రి డ్యూటీ చేసినవారు ఎవరెవరు? దాదాపు అందరం చేశాం, నేనూ చేశాను. ఆ రాత్రుల్లో ఏం జరిగింది? లెక్కలు చూసుకున్నాం, వెళ్లిపోయాం. మరి ఆ రోజు మధ్యాహ్నం పట్టికలో మీ పేరు చూసినప్పుడు, ఈసారి వేరుగా ఉంటుందని మీకు చెప్పగల సమాచారం ఏముంది?

నేను చాలాసేపు కాగితం వైపే చూశాను. ఆ గడిలో రాయడానికి ఏమీ లేదు. ఆ రాత్రి ఎవరెవరు ఏయే నిర్ణయాలు తీసుకున్నారో రాయమన్నారు. పేరు పట్టికలో వేసింది అతను. మరో కుర్రాడిని ముందే ఇంటికి పంపింది అతను. తలుపుకు గడియ వేసింది అతను. నా పేరు కింద ఉన్నది ఒక్కటే: డ్యూటీకి వచ్చాను. ఏళ్ల తరబడి సరుకుల లెక్కలు రాసినదాన్ని, ఈ లెక్క ఎటు తేలిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

జాబితాలో ఇంటి నుంచి వచ్చిన వాక్యాలూ ఉన్నాయి. "చెబితే మా నాన్నగారు బజారులో తల ఎత్తుకుని తిరగలేరు." "ఆడపిల్లవి, అలాంటి ఉద్యోగం ఎందుకని అత్తయ్య ముందే అన్నారు." ఇక్కడ థెరపిస్టు కొంత తడబడ్డారు. అలాంటి బంధువులతో మాటలు తగ్గించుకోవచ్చు కదా అన్నారు. మన ఇళ్లలో అది అంత తేలికైన పని కాదనీ, అత్తయ్య వేసవిలో వచ్చి మూడు నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉంటారనీ, నా పిల్లను పెంచడంలో ఆవిడ చెయ్యి ఉందనీ చెప్పాల్సి వచ్చింది. విన్నారు, మరుసటి వారం ఆ సలహా వెనక్కి తీసుకుని, అత్తయ్య మాటను కాగితం మీద పెట్టి పరీక్షిద్దాం, ఆవిడను కాదు అన్నారు. ఆ వినయం నాకు నచ్చింది. అయినా మన కుటుంబాల సంగతి కొంతైనా తెలిసినవారు ఉంటే ఆ వారం కలిసివచ్చేది.

చివరి సెషన్లలో భద్రత, నమ్మకం, అధికారం, ఆత్మగౌరవం, సాన్నిహిత్యం అని ఐదు విషయాలు తీసుకుంటారు. నాకు నమ్మకం దగ్గర బండి కదల్లేదు. బయట ఎక్కడో ఇలాంటిది జరిగితే పోలీసుల దగ్గరికి పరుగెత్తవచ్చు. సైన్యంలో అదే మనిషితో మర్నాడు ఉదయం వరుసలో నిలబడాలి, ఫిర్యాదు వెళ్లే దారిలో కూర్చున్నది అతని స్నేహితుడే కావచ్చు. నా కోపంలో సగం ఆ వ్యవస్థ మీదే. అది తప్పుడు ఆలోచన అని థెరపిస్టు అనలేదు, అనకూడదు కూడా. 2020లో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వెనెస్సా గియెన్ అనే సైనికురాలి హత్య తర్వాత కదలిక వచ్చి, ఇలాంటి కేసులు నడపాలా వద్దా అన్న నిర్ణయం కమాండర్ల చేతిలోంచి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు 2023 చివర్లో మారింది. మంచి మార్పే. నా కేసుకు ఉపయోగపడలేదు.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. మొదటి వారాల్లో పరిస్థితి బాగుపడటానికి ముందు దిగజారినట్టు అనిపిస్తుంది. పీడకలలు పెరిగాయి. మానేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. సగంలో మానేసేవారు ఎక్కువమందే ఉంటారు, వారిని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ మీ ఇంట్లో ఒక్కరికైనా ముందే చెప్పి ఉంచండి. మా ఆయనకు ఘటన వివరాలు చెప్పలేదు, ఈ వారాలు ఇలా ఉంటాయని మాత్రం చెప్పాను. వంటింట్లోకి వచ్చే ముందు హాల్లోంచే "వస్తున్నాను" అనడం అలవాటు చేసుకున్నారు. ఆ ఒక్క మాట నాకు ఎంత ఆసరాగా నిలిచిందో చెప్పలేను.

ఫలితం తెలియడానికి 20 ప్రశ్నల పత్రం ఒకటి నింపిస్తూ ఉంటారు, 0 నుంచి 80 వరకు మార్కులు. 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండవచ్చని అనుకుంటారు. మొదట్లో నేను ఆ గీతకు చాలా పైన ఉన్నాను, ముగిసేసరికి కిందికి వచ్చాను. నిద్ర ఇంకా పూర్తిగా దారికి రాలేదు. పార్సిళ్లు మాత్రం ఇప్పుడు హాల్లోనే విప్పుతున్నాం.

ఇక ఆసుపత్రి తీరు. కౌంటరు దగ్గర ఉన్న మనిషి నన్ను చూసి "మీ భర్త పేరు చెప్పండి" అన్నారు, నేనే మాజీ సైనికురాలినన్న ఊహే లేకుండా. అదీ ఒకటికి రెండుసార్లు. వేచి ఉండే గది నిండా మగవాళ్లు. వారిలో ఎవరి తప్పూ లేదు, చాలామంది నాలాగే బాధ మోస్తున్నవారు. అయినా లైంగిక దాడి నుంచి తేరుకోవడానికి వచ్చిన స్త్రీని ఆ గదిలో కూర్చోబెట్టడం ఆలోచన లేని పని. మొదటి అపాయింట్‌మెంట్‌కు చాలా ఎదురుచూడాల్సి వచ్చింది. తర్వాత సెషన్లు వీడియోలో పెట్టించుకున్నాను, దానితో ఆ గది బాధ తప్పింది. వీడియోలో కూడా చికిత్సలో లోటు కనిపించలేదు.

ఆసుపత్రికే వెళ్లలేనివారికి, ముఖ్యంగా ఇంకా గార్డులోనో రిజర్వులోనో ఉన్నవారికి, వెట్ సెంటర్లనే వీఏ కౌన్సెలింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఊళ్లో మామూలు కార్యాలయాల్లా ఉంటాయి, రికార్డులు విడిగా ఉంచుతారు, మీ అనుమతి లేకుండా మీ పైఅధికారులకు చేరవు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు వస్తుంటే 988కి ఫోను చేసి 1 నొక్కండి, ఏ వేళైనా పలుకుతారు. చికిత్స మొదలుపెట్టాలనుకుంటే దగ్గరలోని వీఏ ఆసుపత్రికి ఫోను చేసి ఎంఎస్‌టీ కోఆర్డినేటర్‌తో మాట్లాడాలని అడగండి, ప్రతి చోటా ఒకరు ఉంటారు. సీపీటీలో శిక్షణ పొందినవారు కావాలని కూడా అప్పుడే చెప్పండి. ఏం జరిగిందో ఆ ఫోనులో చెప్పనక్కర్లేదు.