ఇంక్‌స్టిచ్‌తో రెండున్నరేళ్ళు: తెలుగు అక్షరాన్ని దారంతో రాయడం

ఇంట్లో ఎంబ్రాయిడరీ యంత్రం ఉన్నవాళ్ళలో చాలామంది డిజైన్లు కొనుక్కుంటారు. నెమలి, మామిడి పిందె, తీగ అంచు, ఏది కావాలన్నా సిద్ధంగా దొరుకుతుంది. అంత తేలిగ్గా దొరకనిది తెలుగు అక్షరం. తువ్వాలు మీదో చేతిరుమాలు మీదో పిల్లల పేరు తెలుగులో కుట్టి ఇమ్మని ఎవరైనా అడిగినప్పుడల్లా ఏమీ చెప్పలేక ఊరుకునేదాన్ని. కంప్యూటర్ వర్క్ చేసే దుకాణాలవాళ్ళు పంచింగ్ అని పిలిచే పనిని, అంటే బొమ్మను యంత్రానికి అర్థమయ్యే కుట్ల వరుసగా మార్చే పనిని, స్వయంగా నేర్చుకోవాలని 2022 చివరలో నిశ్చయించుకున్నది అందుకే. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా పనిచేసే ఇంక్‌స్టిచ్‌ను ఎంచుకున్నాను. అది ఉచితమనీ, దాన్ని ఎలా పెట్టుకోవాలో, ఏ యంత్రానికి ఏ రకం ఫైలు కావాలో ఇప్పటికే చాలామంది చెప్పారు. నేను చెప్పదలచుకున్నది అందులోని సాటిన్ కాలమ్ అనే కుట్టు పద్ధతి గురించి.

మొదటి మూడు నెలలు దాని జోలికే వెళ్ళలేదు. తెలుగు ఫాంటులో అక్షరం టైపు చేసి, దాన్ని గీతలుగా మార్చి, లోపలంతా ఫిల్ కుట్టుతో నింపేదాన్ని. కుట్టు పడేది, అక్షరం చదవడానికి వచ్చేది, కానీ చూడబుద్ధి అయ్యేది కాదు. మన అక్షరాలన్నీ వంపులు. ఫిల్ కుట్టు ఆ వంపును పట్టించుకోకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకే వాలులో పడుతుంది. దాంతో గడ్డి చాపను అక్షరం ఆకారంలో కత్తిరించి అతికించినట్టు ఉండేది. దారం మెరుపు కూడా అక్షరమంతా ఒకేలా చదునుగా కనిపించేది.

సాటిన్ కాలమ్‌ను నిచ్చెనతో పోల్చవచ్చు. పక్కన రెండు కొయ్యలు, మధ్య మధ్య అడ్డంగా మెట్లు ఉంటాయి. దారం ఒక కొయ్య నుంచి రెండోదానికి అటూ ఇటూ దాటుతూ పోతుంది, ఆ దాటే దిక్కును మెట్లు నిర్ణయిస్తాయి. వంపు దగ్గర మెట్టును కాస్త తిప్పి పెడితే కుట్లు కూడా వంపుతో పాటే తిరుగుతాయి. ఇంతకంటే నన్ను కట్టిపడేసిన సౌకర్యం మరొకటి ఉంది. ఒక్క గీతను గీసి, దానికి కావలసినంత మందం ఇచ్చి, ఆ గీతనే సాటిన్‌గా మార్చమనవచ్చు. అంటే ఫాంటు అంచులతో కుస్తీ పట్టకుండా, పలక మీద బలపంతో రాసిన వరుసలోనే అక్షరాన్ని గీసుకుంటే సరిపోతుంది. అలా మొదటిసారి 'అ' గీసి, కుట్టు ఎలా పడుతుందో తెర మీద చూపించే సిమ్యులేటర్‌లో చూసినప్పుడు, తెర మీద దారం చిన్ననాడు అమ్మ చెయ్యి పట్టి దిద్దించిన దారిలోనే తిరిగి, అక్షరాన్ని రాసి ఆగింది. దాన్ని ఆ పూట ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. తెల్లటి మల్లు గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టాక, వంపు తిరిగిన చోటల్లా మెరుపు కూడా తిరగడం చూసి, ఇన్నాళ్ళూ ఫిల్‌తో ఎందుకు సరిపెట్టుకున్నానా అనిపించింది.

ఆ ఉత్సాహంలోనే మా చెల్లెలి మనవడి బారసాలకు టర్కీ తువ్వాలు మీద పేరు కుట్టి ఇస్తానని మాటిచ్చాను. పేరులో ఒక 'ధ' ఉంది. అక్షరాల ఎత్తు 12 మిల్లీమీటర్లు పెట్టాను. 'ద'ను 'ధ' చేసే కింది చిన్న నిలువు గీత ఆ లెక్కన ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు వచ్చింది. సిమ్యులేటర్‌లో పదిసార్లు చూశాను, ఒత్తు స్పష్టంగా ఉంది. మల్లు గుడ్డ మీద నమూనా కుట్టి చూశాను, అక్కడా ఉంది, కాస్త సన్నబడింది కానీ ఉంది. తువ్వాలు మాత్రం ముందు రోజు రాత్రి కుట్టి, గుడ్డ ముడతపడకుండా వెనక పెట్టిన కాగితం చింపి, మడతపెట్టి సంచీలో పెట్టేశాను. దీపం వెలుతురులో అక్షరాలు నిండుగా, గుండ్రంగా కనిపించాయి. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదవాలని ఆ రాత్రి తోచలేదు.

బారసాలలో పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశారు. ఆ పక్కనే నా తువ్వాలు పరిచారు. పిల్లవాడి తాతగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవారు. తువ్వాలు చేతిలోకి తీసుకుని, పేరును పైకి చదివి, కళ్ళజోడు సర్దుకుని, "ఏమ్మా, బియ్యంలో ఉన్న ఒత్తు ఇక్కడ లేదేమిటి?" అని అడిగారు. వంగి చూశాను. టర్కీ గుడ్డ మీద ఉండే నూలు ఉచ్చుల మధ్య ఆ చిన్న గీత పూర్తిగా కూరుకుపోయింది. గోటితో ఉచ్చులను పక్కకు తప్పిస్తే అడుగున నీలం దారం కనిపించింది, వదిలేస్తే మళ్ళీ మూసుకుపోయింది. ఆయన నవ్వుతూనే అడిగారు, అక్కడెవరూ దాన్ని తప్పుగా తీసుకోలేదు, కానీ పేరు పెట్టే రోజున పేరు తప్పుగా ఉన్న వస్తువును పసివాడి పక్కన పెట్టానన్న బాధ నన్ను చాలా రోజులు వదలలేదు.

తప్పు ఇంక్‌స్టిచ్‌ది కాదు, నాది. సాటిన్ కుట్టు బిగిసినప్పుడు గుడ్డను రెండు పక్కల నుంచీ లోపలికి లాగుతుంది. తెర మీద ఒక మిల్లీమీటరు వెడల్పున్న గీత గుడ్డ మీద అంతకంటే సన్నగా పడుతుంది. దీనికోసం, గీతను ముందే ఆ మేరకు వెడల్పు చేసే పుల్ కాంపెన్సేషన్ అనే గడి ఒకటి ఉంది. దాన్ని నేను రోజూ చూస్తూ కూడా సున్నా దగ్గరే వదిలేశాను. రెండో తువ్వాలుకు దాన్ని 0.2 మిల్లీమీటర్లు చేశాను. అక్షరం ఎత్తును 20 మిల్లీమీటర్లకు పెంచి, ఒత్తును ఫాంటు కొలత కంటే కావాలనే పొడవుగా, లావుగా గీశాను. పైకుట్టుకు ముందు అడుగున నడిమి గీత వెంట ఒక వరుస పరుగు కుట్టు వేయించాను. అన్నిటికంటే ఎక్కువ పని చేసింది మాత్రం గుడ్డ మీద పరిచే, నీటిలో కరిగిపోయే పలుచని పొర. అది ఉచ్చులను అణచిపెట్టి ఉంచుతుంది కనుక దారం పైనే నిలుస్తుంది, కుట్టయ్యాక తడిపితే మాయమవుతుంది. ఇప్పుడు ఒత్తులన్నిటినీ అక్షరం పూర్తయ్యాక చివర్లో కుట్టిస్తున్నాను. ఒక మిల్లీమీటరు కంటే సన్నగా వచ్చే చోట సాటిన్ మానేసి, అదే దారిలో మూడుసార్లు వెళ్ళే బీన్ కుట్టు వాడుతున్నాను.

ఆరు నెలల అనుభవంతో తెలిసినవాళ్ళందరికీ ఒక మాట చెప్పేదాన్ని: సిమ్యులేటర్ ఉంటే గుడ్డ వృథా కాదని. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకుంటున్నాను. కుట్ల వరుస, అనవసరంగా దూకిన చోట్లు, మరచిపోయిన ముక్కలు సిమ్యులేటర్ తప్పకుండా పట్టిస్తుంది. గుడ్డ స్వభావం దానికి తెలియదు. మల్లు మీద బాగున్నది టర్కీ మీద బాగుంటుందన్న భరోసా ఏ తెరా ఇవ్వలేదు కనుక, ఏ గుడ్డ మీద వేయాలో ఆ గుడ్డ ముక్క మీదే నమూనా కుట్టక తప్పదు. ఉచితమన్న మాట కూడా సగమే నిజం. నమూనాలకు పోయిన దారం, అడుగు కాగితం, పాత తువ్వాళ్ళు నేను లెక్క రాసుకోలేదు, కానీ తక్కువేమీ కాదు. పైగా పంచింగ్ నేర్చుకోవడానికి ముందు ఇంక్‌స్కేప్‌లో గీత గీయడం, బిందువులు కదపడం నేర్చుకోవాలి. బొమ్మలు గీసే అలవాటు లేని నాకు దానికే రెండు నెలలు పట్టింది.

నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. 100 మిల్లీమీటర్ల చదరపు ఫ్రేము ఉన్న ఇంటి యంత్రం నాది, నెలకు నాలుగైదు పేర్లు కుడతాను, గడువు పెట్టి తొందరపెట్టేవారు లేరు. ఒక్కో అక్షరానికి గంట కూర్చునే వీలుంది కనుకే దీనితో నాకు ఇంత స్నేహం కుదిరింది. పెళ్ళిళ్ళ కాలంలో రోజుకు పది బ్లౌజులు దింపవలసిన దుకాణానికి ఇది సరిపోతుందని నేను చెప్పలేను. అక్కడ వేగమే ముఖ్యం. తెలుగులో పేర్లు కుట్టాలన్న కోరిక ఉండి, ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టుకోలేనివారికి మాత్రం, మొదటి వారంలోనే ఫిల్ వదిలి సాటిన్ కాలమ్ పట్టుకోమని చెబుతాను.

ఇప్పటి వరకు నలభైకి పైగా అక్షరాలు గీసి దాచుకున్నాను. ప్రస్తుతం 'జ్ఞ' దగ్గర ఆగి ఉన్నాను. కింద ఒత్తు 6 మిల్లీమీటర్ల లోపుకు తగ్గితే లోపలి సందు దారంతో మూసుకుపోతోంది, పెంచితే పై అక్షరాన్ని మించి కనిపిస్తోంది. నిన్న రాత్రి ఒత్తును కాస్త కుడికి జరిపి కుట్టిన నమూనా కొంత నయం.