పదిమంది సిబ్బందికి పీఎఫ్ మేలా, ఎన్‌పీఎస్ మేలా?

వర్క్‌షాపులు, ప్రింటింగ్ ప్రెస్సులు, ల్యాబ్‌లు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. 20 మంది లోపైతే పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) తప్పనిసరి కాదు. యజమానీ, సిబ్బందిలో ఎక్కువమందీ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరవచ్చు. కాంట్రాక్టు కూలీలూ ఆ 20లోకే వస్తారు, చాలామంది లెక్క తప్పేది అక్కడే.

ముందు ఖర్చు. బేసిక్, డీఏ కలిపి 15,000 చొప్పున పదిమంది ఉన్నారనుకుందాం. 12 శాతం లెక్కన యజమాని వాటా 18,000, పీఎఫ్‌తో పాటే వచ్చే ఈడీఎల్ఐ జీవిత బీమాకు 750, నిర్వహణ ఛార్జీ 750. మొత్తం నెలకు 19,500. చిన్న సంస్థలకు 10 శాతం కట్టే వెసులుబాటు కూడా ఉంది. కానీ అప్పుడు ఒక్కొక్కరికి యజమాని కట్టే 1,500లో 1,250 పీఎఫ్‌లోనే ఉండే పింఛను పథకానికి పోగా, పీఎఫ్ ఖాతాలో పడేది 250. అదే 12 శాతమైతే 550 పడుతుంది. అంటే కోతంతా పొదుపు మీదే. పెట్టేదేదో 12 శాతమే పెట్టండి.

ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం)లో శాతం యజమాని ఇష్టం. పీఎఫ్‌లోలా 15వ తేదీలోగా చలానా కట్టాలన్న గండం లేదు. యజమాని వేసే మొత్తంలో జీతంలో 14 శాతం దాకా ఉద్యోగికి కొత్త పన్ను విధానంలోనూ మినహాయింపు ఉంది. బాగానే ఉంది కానీ, 15,000 జీతానికి పన్నే పడనప్పుడు ఆ మినహాయింపు ఎవరికి?

నా లెక్కలో అసలు తేడా ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే తెలుస్తుంది. రెండేళ్లు పనిచేసిన లేత్ ఆపరేటర్ చనిపోయాడనుకోండి. ఎన్‌పీఎస్‌లో యజమాని, ఉద్యోగి వాటాలు కలిపి నెలకు 3,600 వేసినా కుటుంబానికి దక్కేది 86,400, దాని మీద పెరిగినది. పీఎఫ్‌లో అయితే ఖాతా సొమ్ము కాక, ఈడీఎల్ఐ కింద 35 నెలల జీతం, అంటే 5,25,000, ఖాతా నిల్వను బట్టి ఇంకొంత (గరిష్ఠం 7 లక్షలు). భార్యకు నెలనెలా పింఛను వేరే. ఈ బీమాకు యజమాని కట్టేది మనిషికి నెలకు 75 రూపాయలు. ఎన్‌పీఎస్‌కు గ్రూప్ టర్మ్ పాలసీ (సిబ్బందందరికీ కలిపి తీసే జీవిత బీమా) జోడిస్తే సరిపోదా అంటారు. బీమా వరకు సరిపోతుంది, ఏటా రెన్యువల్ మరిచిపోకపోతే. పింఛను మాత్రం రాదు.

సూపరాన్యుయేషన్ ట్రస్టు (సంస్థే పెట్టే పదవీ విరమణ నిధి) పదిమందికి దండగ. గ్రాట్యుటీ పదిమంది ఉంటే ఎలాగూ ఇవ్వాల్సిందే, దాన్ని వీటితో పోల్చకండి.

పీఎఫ్ ఇబ్బంది పెట్టేది కాగితాల దగ్గర. యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) తీసే ముందే ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచూడండి, ఇంటిపేరు దగ్గర తేడా వచ్చినా క్లెయిము ఆగుతుంది. మానేసినవాడి ఆఖరి పనిరోజు తేదీ పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించడం మరవకండి. చలానా ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా.

పన్ను పడే జీతమున్న మేనేజరు ఒకరిద్దరుంటే, వాళ్ల వరకు పీఎఫ్ మీద ఎన్‌పీఎస్ కలపండి.