హీటర్ రాడ్: ఓమ్స్‌లో పెట్టి చూసుడా, వోల్టేజీ, ఆంప్స్ కొలిచి లెక్క కట్టుడా?

చలి మొదలైందంటే మా హన్మకొండ షాపుకు ఒకటే ప్రశ్న. "అన్నా, రాడ్ మీద 1500 వాట్లని ఉంది, నీళ్లేమో కాగుతలేవు. ఎట్ల చెక్ చేయాలె?" ఓమ్ సూత్రం బడిలో చదివిందే, దాని జోలికి పోను.

మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూసుడు సుఖం. ప్లగ్గు పీకి పిన్నులకు ప్రోబులు ఆనిస్తే అయిపాయె. (పీకకుండా ఆనిస్తే మీటరే పాయె.) 1500 వాట్ల రాడ్ 35 ఓమ్స్ దగ్గర చూపించాలె. కాయిల్ తెగిందా, బాగుందా అన్నంతవరకు ఇది చాలు. కానీ ఆ అంకె చల్లగా ఉన్న వస్తువుది. రాడ్‌లో నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన) తీగ ఉంటది కాబట్టి వేడెక్కినా పెద్దగా మారదు. అదే పాత 100 వాట్ల బల్బును చూడండి: చల్లగా 40 ఓమ్స్ లోపే, వెలిగేటప్పుడు 529. చల్లటి అంకెతో పవర్ లెక్క కడితే ఆ బల్బు 1300 వాట్లు దాటుతది!

నేనైతే రాడ్ నడిచేటప్పుడే కొలుస్త. మొన్న నర్సంపేట దిక్కు ఒక ఇంట్ల రాడ్‌ను ఓమ్స్‌లో చూస్తే సక్కగ 35 చూపించింది. నీళ్లు మాత్రం కాగుతలేవు. నా సంచిలో ఒక ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటది, పైతొడుగు చీరి ఫేజ్ వైరును విడిగా తీసి పెట్టుకున్న. టంగ్ టెస్టర్‌ను (వైరు తెంపకుండ చుట్టూ పట్టించి ఆంప్స్ చూసే మీటరు) ఆ ఒక్క వైరుకే పట్టించాలె, రెండింటికీ కలిపి పట్టిస్తే సున్నా వస్తది. రాడ్ వేయకముందు ప్లగ్గు కాడ 214 వోల్టులు. వేసినంక 188, కరెంటు 5.3 ఆంప్స్. భాగిస్తే 35.5 ఓమ్స్, అంటే రాడ్ తప్పేం లేదు. గుణిస్తే వెయ్యి వాట్లకు కొంచెం తక్కువ. 1500 వాట్లతో 23 నిమిషాల్లో కాగే బకెట్ 35 నిమిషాలు పడుతది, అది కూడా నీళ్ల వేడి గాలికి పోకుంటే.

మరి ఆ 26 వోల్టులు ఎటుపోయినయ్? 5.3తో గుణిస్తే 138 వాట్లు తొవ్వలనే ఎక్కడో కాలుతున్నయ్. మెయిన్ స్విచ్ తెరిస్తే న్యూట్రల్ స్క్రూ లూజు, చుట్టూ ప్లాస్టిక్ నల్లబడ్డది. వైరు కొస గీకి బిగించినంక రాడ్ మీద 209 వోల్టులు నిలిచినయ్, పవర్ 1230 వాట్లకు ఎక్కింది. ఓమ్స్ మీటర్‌తో దినమంతా కూసున్నా ఈ స్క్రూ దొరికేది కాదు.

బోరు మోటరు కాడ మాత్రం నా లెక్క చెల్లదు. 5 హెచ్‌పీ మోటరు 415 వోల్టుల మీద 7.5 ఆంప్స్ తీసుకుంటే, భాగిస్తే వచ్చేది వైండింగ్ రెసిస్టెన్స్ కాదు. పవర్‌కు కూడా, మూడు ఫేజుల మోటరు కాబట్టి 1.732తో, పవర్ ఫ్యాక్టర్‌తో (తీసుకున్న దాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) గుణించాలె. 0.8 అనుకుంటే 4300 వాట్ల దగ్గర తేలుతది. వైండింగ్ చూడాలంటే అక్కడ ఓమ్స్ మీటరే మేలు: మూడు వైర్లల్ల రెండేసి పట్టి చూస్తే మూడు జతలూ ఒక్కతీరు చూపించాలె.

రాడ్ మీది అచ్చు వాట్లు 230 వోల్టులకు చెప్పినవి, పల్లెల్ల దాన్ని నమ్మి లాభం లేదు. టంగ్ టెస్టర్ లేదా? అన్నీ బంద్ చేసి రాడ్ ఒక్కటే వేయండి, కరెంటు మీటర్ లైటు నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతదో లెక్కపెట్టండి. మీద 3200 అని (యూనిట్‌కు 3200 మినుకులని) ఉన్న మీటరైతే 80 సార్లకు 1500 వాట్లు.